తలుపు కింద టేకుముక్క

నేను ఒక టేకు చెక్కముక్కను. ఒక కొస లావు, ఒక కొస సన్నం, అరచేతిలో ఇమిడిపోతాను. 2011 జూన్ అయిదు, ఆదివారం నాడు పుట్టాను. చేపల వేట నిషేధం తీరి పడవలు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళిన వారం కావడంతో, విశాఖపట్నం పెదవాల్తేరులోని ఆ ఇంట్లో వంజరం పులుసు, మామిడికాయ పప్పు వండారు. ముందుగది తలుపు బిగించడానికి వచ్చిన వడ్రంగి సింహాచలం కూడా అక్కడే తిన్నాడు. అతను చెయ్యి కడుక్కుంటుండగా సముద్రపు గాలికి ఆ కొత్త తలుపు ధడాలున కొట్టుకుంది. తన పనితనానికి అవమానం అనుకున్నాడేమో, ద్వారబంధం చెయ్యగా మిగిలిన ముక్కను ఏటవాలుగా కోసి, ఇంటావిడ కస్తూరిగారి చేతిలో పెట్టాడు.

"ఇది దోపీండమ్మా. తుఫానొచ్చినా కదల్దు."

మూడేళ్ళకు నిజంగానే తుఫాను వచ్చింది. కిటికీ అద్దాలు పోయాయి. మేడమీది నీళ్ళ ట్యాంకు పక్కింటికి కాపురం వెళ్ళింది. నేను కదల్లేదు. ఈ సంగతి ఎవరూ గమనించలేదు. కదలకుండా ఉండడాన్ని మనుషులు పనిగా లెక్కించరు.

కస్తూరిగారి భర్త భానోజీరావుగారు ఒక సహకార బ్యాంకు హెడ్డాఫీసులో కంప్యూటర్ల విభాగం చూస్తారు. ఏది చెడినా ఇంకొకరికి చెప్పేలోపే తన చేత్తో బాగుచేసేస్తారు. ఆవిడ జబ్బు ఒక్కటే ఆయన చేతికి లొంగలేదు. ఆఖరి ఏడాది ఆవిడ ముందుగదిలోనే పడుకునేవారు. గొంతు బాగా సన్నబడింది. పిలిస్తే వంటింట్లోకి వినబడాలని పగలూ రాత్రీ తలుపు కింద నన్ను ఉంచారు. రోజూ పడుకోబోయే ముందు ఆయన అడిగేవారు.

"తలుపు వెయ్యనా?"

"ఉండనీండి. మీ గిన్నెల చప్పుడు వింటుంటే నిద్ర పడుతోంది."

ఆవిడ పోయాక కూడా ఆయన నన్ను తీయలేదు. హాల్లో దివాను మీద, ఆ గదివైపు మొహం పెట్టి పడుకునేవారు. నాలుగేళ్ళు గడిచాయి. కూతురు మైథిలి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. రోజంతా ఎందరి మోకాళ్ళనో వంచే ఆ పిల్ల, ఈ విషయంలో మాత్రం తండ్రిని ఒక్కమాట అనలేదు.

అప్పుడు పరీక్ష వచ్చిపడింది. బ్యాంకులో సమాచార భద్రతకు ఒక అధికారిని పెట్టాలని బోర్డు తీర్మానించింది. ఆ భద్రత నిర్వహణ మీద ఒక సంస్థ పెట్టే పరీక్ష పాసైతే ఆ కుర్చీ భానోజీరావుగారిది. లేకపోతే బయటి మనిషి వస్తాడు, ఈయన పలాస బ్రాంచికి వెళ్ళాలి. ఇంటికి తాళం పెట్టుకోవాలి. పలాసలో జీడిపప్పు బాగుంటుందని జనరల్ మేనేజరు ఓదార్చాడట.

మొదటిసారి తప్పారు. తెలియక కాదు, చేతులు ఊరుకోక. ఆ పరీక్షలో ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులుంటాయి. అందులో ఒకటి స్క్రూడ్రైవర్ పట్టుకుని పరిగెత్తే జవాబు. ఈయన కళ్ళు మూసుకుని దానికే టిక్కు పెడతారు. పరీక్ష పెట్టేవాళ్ళకు కావలసింది ఆలోచించి, అడిగి, ఆ తర్వాత కదిలే మనిషి.

పరీక్ష పుస్తకం కొత్త ఎడిషన్ కొని మళ్ళీ చదవడం మొదలుపెట్టారు. ఆ వేసవిలోనే ఆఫీసులో సర్వర్లుండే గది ఏసీ చెడింది. ఆ గదికి వేలిముద్ర పెడితే తప్ప తెరుచుకోని తాళం ఉంది. భానోజీరావుగారు నన్ను టిఫిన్ బ్యాగులో వేసుకెళ్ళి ఆ తలుపు కింద దోపి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టారు. భద్రత పరీక్షకు చదువుతున్న మనిషి బ్యాంకులోకెల్లా భద్రమైన తలుపును నాతో బార్లా తెరిపించారు. నేను ఎప్పటిలాగే కదల్లేదు.

ఏసీ రెండు రోజుల్లో బాగయింది. నన్ను తీయడం ఎవరికీ తోచలేదు. వారాలు గడిచేకొద్దీ జనం ఆ గదిలోంచి క్యాంటీనుకు అడ్డదారి కనిపెట్టారు. వానలు మొదలయ్యాక సర్వర్ల పక్కనే గొడుగులు ఆరబెట్టారు. వేలిముద్ర తాళం మాత్రం ఎర్రదీపం వెలిగించుకుని తన విధి తాను నిర్వర్తించింది.

ఇంట్లో నా స్థానంలో పాత ఎడిషన్ పుస్తకాన్ని తలుపుకు అడ్డం పెట్టారు. ఇప్పుడు చెప్పబోయేది ఆ పుస్తకం నాతో అన్నది. అది అబద్ధమాడదు గాని, ఏది అడిగినా నాలుగు జవాబులిస్తుంది. సరైనదనిపించింది చెబుతున్నాను.

మైథిలి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ప్రశ్నలు చదువుతోందట.

"సర్వర్ గదిలో ఏసీ చెడింది. సిబ్బంది తలుపు తెరిచిపెట్టారు. భద్రత చూసే మేనేజరు మొదట ఏం చెయ్యాలి?"

"తలుపు మూసెయ్యాలి."

"తప్పు నాన్నా. నీకు చేతుల్లేవు అనుకుని చెప్పు."

"చేతుల్లేనోడికి జీతమెందుకిస్తారే?"

"ఆలోచించినందుకు. విను." పుస్తకంలో ఉన్న వివరం చదివింది. అవసరం పడితే నియమం సడలించవచ్చు, అందులో తప్పులేదు. అయితే దానికి ఎవరు ఒప్పుకున్నారో, దానివల్ల వచ్చే ముప్పు ఎవరు భరిస్తారో, ఎప్పటిదాకానో ముందు తేల్చాలి. గడువు పెట్టని సడలింపును ఎవరూ మళ్ళీ తిరిగి చూడరు.

భానోజీరావుగారు ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగారు. "మా తలుపు ఇంకా తెరిచే ఉంది" అన్నారు.

"ఏసీ బాగయిందన్నావుగా?"

"ఎప్పుడో బాగయింది."

ఆ మాటతో ఇద్దరి చూపులూ ముందుగది తలుపు మీదికి వెళ్ళాయి. మైథిలి పేజీ తిప్పి తర్వాతి ప్రశ్న అందుకుంది. ఆ పిల్లలో నాకు నచ్చేది అదే.

మర్నాడు ఆఫీసులో ఆయన వంగి నన్ను లాగబోయి, ఆగారు. వెళ్ళి, ఆ తలుపు ఎవరి అనుమతితో తెరిచి ఉందని జనరల్ మేనేజరును అడిగి వచ్చారు. ఎవరి అనుమతీ లేదని తేలింది. అప్పుడు లాగారు. చేతులకంటే ముందు నోరు కదిలించడం ఆయన జీవితంలో అదే మొదలు. క్యాంటీను వైపు వెళ్ళేవాళ్ళు మాత్రం చాలా బాధపడ్డారు.

పరీక్షనాటి ఉదయం ఎందుకో, ఇంటికి తిరిగొచ్చి నా చోట్లో ఉన్న నన్ను తీసి జేబులో వేసుకుని, పుస్తకాన్ని మళ్ళీ తలుపు దగ్గర డ్యూటీలో పెట్టారు. పరీక్ష కేంద్రంలో ఒక అమ్మాయి జేబులు తనిఖీ చేసింది.

"ఇదేంటి సార్?"

"తలుపు కింద పెట్టే చెక్కమ్మా."

ఆ అమ్మాయి నన్ను వెలుతురులోకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. నాలో జవాబులు దొరకలేదు. నవ్వకుండా తీసుకెళ్ళి చేతిగడియారం పక్కన లాకర్లో పెట్టింది. నవ్వకపోవడం కూడా ఒక దయే. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. తిరిగి వచ్చి, గడియారం కంటే ముందు నన్ను అందుకుని జేబులో వేసుకున్నారు.

బయటికొచ్చి కూతురికి ఫోన్ చేశారు. "పాసే. పలాస లేదు" అన్నారు. వంజరం తెస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశారు.

ఆ రాత్రి ఇద్దరూ వంజరం పులుసుతో తిన్నారు. గిన్నెలు కడిగింది ఆయనే. కొంచెం ఎక్కువసేపే చప్పుడు చేశారనిపించింది. తర్వాత తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ముందుగది గడప దగ్గర నిలబడ్డారు. పుస్తకం స్థానంలో నేను మళ్ళీ తలుపు కింద నా చోట్లో ఉన్నాను.

"తలుపు వెయ్యనా?" అని అడిగారు, మునుపటి గొంతుతోనే.

జవాబు కోసం ఆగారు. తొందరపడలేదు; అది నేర్చుకోవడానికే కదా రెండుసార్లు ఫీజు కట్టారు. కర్టెన్ ఒకసారి లోపలికి ఊగి, సర్దుకుంది. వెనక నుంచి మైథిలి హాల్లో దీపం తగ్గించింది.

ఆయన వంగి నన్ను తీశారు. ఇన్నేళ్ళలో నేల మీద నా ఆకారంలో ఒక మచ్చ ఏర్పడింది. దాన్ని బొటనవేలితో ఒకసారి రాసి, నన్ను హాల్లోని కిటికీ గట్టు మీద పెట్టారు. ఇక్కణ్ణుంచి సముద్రం వినిపిస్తుంది. గాలికి కొట్టుకోకుండా ఆయన రెండు చేతులతో రెక్కను పట్టుకుని, నిద్రపోయే మనిషి లేవకూడదన్నట్టు నెమ్మదిగా తలుపు మూశారు.