మూడు తాళాల గది

రంగులావిడ పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. షెడ్డు నుంచి నీళ్ళ గది దాకా, నీళ్ళ గది నుంచి మళ్ళీ షెడ్డు దాకా. షెడ్డులో తొట్ల నిండా బడిపిల్లల యూనిఫారాల గుడ్డ నీలం రంగులో నానుతోంది. మధ్యాహ్నంలోగా పారే నీళ్ళలో జాడించకపోతే మచ్చలు కడుతుంది. నిరుడు ఒకసారి అలా మచ్చలు కట్టిన గుడ్డ తిరిగొచ్చింది. ఇదీ తిరిగొస్తే ఆ బడులవాళ్ళు ఇక ఈ గడప తొక్కరు. షెడ్డు మూసుకుని కూర్చోవడమే.

నీళ్ళు లేవా అంటే ఉన్నాయి. ఈ రోజు వంతు కూడా ఆవిడదే. వాగు నీళ్ళు వచ్చి చేరే ట్యాంకు ఒక్కటే, దాన్ని నమ్ముకున్నవాళ్ళు ముగ్గురు. రంగుల షెడ్డు, పక్కనే ఐసు ఫ్యాక్టరీ, గోడ అవతల మొక్కల నర్సరీ. నిరుడు వేసవిలో ఒక రాత్రి ఆ ట్యాంకు మొత్తం ఖాళీ అయింది. ఎవరు తిప్పుకున్నారో తేలలేదు. తిట్టుకున్నంత తిట్టుకుని, చివరికి ముగ్గురూ ఒక ఒప్పందానికొచ్చారు. రోజుకొకరి వంతు. వాల్వులున్న గదికి మూడు తాళాలు. మూడూ తీస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం మరి.

నర్సరీ ఆయన పరాయివాడేం కాదు, రంగులావిడ భర్తకు సొంత అన్న. ఆ రాత్రి నీళ్ళు ఆయనే మళ్ళించుకున్నాడని ఆవిడ తీర్మానించేసింది. అప్పట్నుంచీ మాటల్లేవు. ఆవిడ వంతు రోజున పెందలాడే వచ్చి, తన తాళం తీసి, తల వంచుకుని వెళ్ళిపోయేవాడు. ఈ రోజు ఆయన అజా పజా లేదు.

ఫోను చెయ్యొచ్చు. కానీ ముందు తనే మాట్లాడితే ఓడిపోయినట్టు కాదూ? నిన్న సాయంత్రం ఆయన పేరు ఫోనులో రెండుసార్లు వెలిగింది. రెండుసార్లూ నొక్కి నోరు మూయించింది. భర్తనడుగుదామంటే సరుకు లారీ వెంట వెళ్ళాడు, రేపటికి గానీ రాడు.

చివరికి ఐసు ఫ్యాక్టరీ మేనేజరుకు కబురు పెట్టింది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు నింపాదిగా నడిచొచ్చాడు.

"ఎండ నడినెత్తికొస్తోందండీ. ఆ మనిషి నా కొంప ముంచాలని కంకణం కట్టుకున్నాడు. ముందు మీ తాళమన్నా తీయండి."

మేనేజరు జేబులో చెయ్యి పెట్టలేదు. తన తాళాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. ఊడి చేతిలోకొచ్చింది.

"నాది నొక్కలేదమ్మా, ఊరికే తగిలించాను. మీ బావగారిదీ అంతే. లాగి చూడండి."

ఇదేదో కొత్త ఎత్తు అనుకుంది. అయినా చెయ్యి ఊరుకోలేదు. లాగగానే బావగారి తాళం తేలిగ్గా ఊడొచ్చింది. గొళ్ళానికి ఇక మిగిలింది ఒక్కటే. పొద్దున్నుంచీ బిగుసుకుని ఉన్నది ఆవిడ తాళమే.

"ఎప్పట్నుంచి ఇలా?"

"మొన్నట్నుంచి. మొన్న ఆయన వంతు కదా. మీరేమో పెళ్ళికెళ్ళారు. తాళంచెవి మీ నడుముకే ఉండిపోయింది. నిన్న నా వంతుకొచ్చి మీది తీశారు గానీ, మావి చూసుకోలేదు."

నిజమే. పెళ్ళిలో గుర్తొచ్చింది కూడా. ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనుకుని భోజనానికి కూర్చుంది.

"పొద్దుగూకేదాకా ఈ గుమ్మంలోనే కూర్చున్నారు. పగలగొట్టండి, నేను సాక్ష్యం అన్నాను. ఒప్పందం ఒప్పందమే అన్నారు. నా నారుకు పట్టిన గతి మా మరదలి గుడ్డకు పట్టకూడదని, తన తాళం ఇలా తగిలించి వెళ్ళారు. అది చూశాక నాది మాత్రం నొక్కబుద్ధి కాలేదు. మీకు చెబుతానన్నారే, ఫోను చెయ్యలేదా?"

రంగులావిడ నడుము నుంచి తాళంచెవి తీసింది. "ఇప్పుడెక్కడున్నారు?"

"బజారు కొళాయి దగ్గర. మిగిలిన మొక్కలకు క్యాన్లతో మోస్తున్నారు."

తాళం తీసి వాల్వు తిప్పింది. నీళ్ళు షెడ్డులోకి దూకాయి. గుడ్డ జాడిస్తూ గోడ మీంచి ఒకసారి అవతలికి చూసింది. నారుమళ్ళు సగం ఎండి గోధుమరంగుకు తిరిగాయి. సిగ్గేసింది. చూసేవాళ్ళెవరూ లేకపోయినా ముఖం దాచుకోవాలనిపించింది. ఎప్పుడూ నాలుగుసార్లు జాడించే గుడ్డను మూడుసార్లతో సరిపెట్టి, వెళ్ళి నర్సరీ వైపు వాల్వు తిప్పింది.

బావగారు సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకుని తోసుకొచ్చేసరికి మళ్ళలో నీళ్ళు పారుతున్నాయి. నర్సరీ గేటు దగ్గర మరదలు నిలబడి ఉంది.

"బావగారూ, నాది అయిపోయింది. మిగతా పూట మీరు పారించుకోండి. ఇదిగో, నా తాళంచెవి కూడా మీ దగ్గరే ఉంచండి."

ఆయన తాళంచెవి వంక చూడలేదు, నీళ్ళ వంకే చూస్తున్నాడు. "అది నాకెందుకమ్మా? నొక్కకుండా తగిలించు, చాలు."

సాయంత్రం తలుపు మూసి మూడు తాళాలూ తగిలించింది. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చింది. ట్యాంకులో ఇంకా సగం నీళ్ళున్నాయి. నిరుడు ఆ రాత్రి ఎవరు తిప్పుకున్నారో ఇప్పటికీ తెలియదు. తన తాళం మీద బొటనవేలు పెట్టి చాలాసేపు నిలబడింది. తరవాత ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని ఇంటిదారి పట్టింది.