కాలు సరిచేసిన కుంచె

నేను ఒక కుంచెని, ఉడుత వెంట్రుకలదాన్ని. ఆ ఉడుత ఏమైందని నన్ను కొన్నవాళ్లెవరూ అడగలేదు. మొన ఎంత సన్నగా నిలుస్తుందో మాత్రం చూశారు. కార్ఖానాలో ఒకావిడ నన్ను దారంతో బిగించి, మొండికేసిన వెంట్రుకలను పీకి పారేసింది. అలా నునుపుదేలి, విజయవాడలో ఒక పిల్లల పత్రికకు బొమ్మలు వేసే సోమసుందరం చేతికొచ్చాను.

హైమవతి టీచరు రాసిన మాయా నవల ‘గవ్వలకోట’ను ఆ పత్రికవాళ్లు నెలకో సంచికగా బొమ్మల కథ చేయాలనుకున్నారు. అందులో నాయిక చివురుకి ఎడమ కాలు చచ్చుబడి ఉంటుంది. కోటకు కాపలా ఉన్న ఇసుక రాక్షసుడు అడుగుల చప్పుడు విని మనుషుల్ని పట్టుకుంటాడు. ఒక అడుగూ ఒక కర్రా కలిసిన చివురు నడక వాడికి మనిషి నడకలా వినిపించదు. అందుకే కోటలోకి వెళ్లగలిగేది ఆ పిల్ల ఒక్కతే.

టీచరు ఆ కథ రాసింది తన కూతురు కిన్నెర కోసం. కిన్నెరకు పన్నెండేళ్లు, చంకలో కర్ర. ఆ నడక సరిగ్గా పట్టుకోవాలని సోమసుందరం ఒక మధ్యాహ్నమంతా ఆఫీసు వరండాలో ఆ పిల్లను అటూ ఇటూ నడిపించాడు. చంక కమిలినా తను ఆగలేదు. పుస్తకంలోకి ఎక్కబోతున్నానన్న సంబరం. అతను గీసిన ఇరవై నాలుగు పేజీలకూ నేనే సిరా దిద్దాను.

పేజీలు చూసిన ఎడిటరు వీరభద్రయ్య బొమ్మలను మెచ్చుకుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“అవిటిపిల్లను అట్టమీద వేస్తే ఎవరు కొంటారండీ? ఆ కర్ర తీసేసి, కాలు సరిచేయండి.”

మరి రాక్షసుడి సంగతేమిటని సోమసుందరం అడిగాడు. నిద్రపుచ్చమన్నాడు ఎడిటరు. సోమసుందరం రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదు. మూడో రోజు నన్ను తెల్లరంగులో ముంచాడు. మనుషులకు బాధపడటమూ పని చేయటమూ ఒకదానికొకటి అడ్డురావు. ప్రతి గడిలోనూ కర్రను కప్పేశాను. దాని మీద తిన్నని కాలు గీశాను.

మొదటి సంచిక వచ్చిన రోజు తల్లీకూతుళ్లు ఆఫీసుకొచ్చారు. కిన్నెర పేజీలన్నీ తిరగేసింది.

“నా కర్ర ఏదండీ?”

సోమసుందరం ఆ పిల్ల ముఖం చూడలేకపోయాడు. “అచ్చులో పోయిందమ్మా.”

“కాలు కూడా అచ్చులోనే వచ్చిందాండీ?”

పత్రిక ఆపమని టీచరు గొడవపడింది. కథలో మార్పులు చేసే హక్కు పత్రికదేనని ఆవిడ సంతకం చేసిన కాగితం తీసి చూపించాడు వీరభద్రయ్య. సంచికలు బాగా అమ్ముడుపోయాయి. చివురు పరుగెత్తింది, గెంతింది, ఎగిరి తన్నింది. బళ్లో పిల్లలు కిన్నెర చుట్టూ చేరి, కథ నీదే అన్నావు కదా, ఏదీ నువ్వు పరుగెత్తు చూద్దాం అన్నారు.

ఇది సోమసుందరం చెవిన పడింది. రంగు పూయకముందు గీసిన నమూనా ఒకటి అతని దగ్గర మిగిలింది. అందులో చివురు కర్ర మీద ఆనుకుని కోట గుమ్మంలో నిలబడి ఉంటుంది. దాన్ని తీసుకుని, నన్ను జేబులో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. క్షమించమని నోరు తెరిచి అడగలేక, బొమ్మను ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

కిన్నెర కాసేపు చూసి తిరిగిచ్చేసింది.

“ఇది వద్దండీ. నన్ను కూడా పుస్తకంలోలాగే వేసివ్వండి.”

హైమవతి టీచరు గుమ్మంలోనే నిలబడిపోయింది. సోమసుందరం ఆవిడ వైపు చూశాడు. వద్దని ఆవిడా అనలేకపోయింది. అతను కాగితం తీశాడు. అదే జడ, అదే గౌను, అదే ముఖం వేశాడు. కింద రెండు కాళ్లు. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి చూస్తుంటే ఎడమ కాలు ఒక్క గీతలో దించాను.

ఆ కథ ఇంకా ఏడు నెలలు నడిచింది. నా వెంట్రుకలు రాలి చెత్తబుట్టలో పడేదాకా ఆ కాలు గీస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా వంకర రాలేదు.