చుక్కకు గ్రహణం

గ్రహణమనే మాట సురయ్యా నోటి నుంచే వచ్చింది కదా, మాబున్నీ పుట్టించింది కాదు, మధ్యాహ్నం అన్నం తింటూ, అమ్మా ఈ పొద్దు ఒక చుక్కకు గ్రహణం పడుతుంది, రాత్రి ఇషా నమాజు అయినాక ఉనైజా ఊరి అవతల ఖర్జూరం తోట కాడికి పోయి చూడల్ల అని కూతురు అనగానే మాబున్నీకి ముద్ద చేతిలోనే ఆగిపోయింది, నాలుగో నెల కడుపుతో గ్రహణం చూస్తుందంట, తోడుగా ఉండమని విజిట్ వీసా మీద సౌదీకి పిలిపించుకున్నది ఇందుకా, ఇప్పుడు చూడు, ఈ చలిలో, ఇసుకలో, బడివాళ్ళ టెలిస్కోపు పక్కన మడత కుర్చీలో కూర్చుని స్క్రూలు తిప్పుతోంది, దారిలో పోలీసులు ఆపి ఇఖామా, అదే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, అడుగుతారేమోనని అదొక గుబులు, అల్లుడు జబీ ఇఖామాకు ఇంకా పది రోజులు గడువుంది నిజమే, కానీ పనిలో సౌదీలు చాలినంత మంది లేరని అతని కంపెనీని సర్కారు వాళ్ళ నితాకత్‌ లెక్కలో ఎర్ర వరసలో వేశారు, ఇక రెన్యువల్ లేదు, ఇంటిమనిషికి ఇంతని లెవీ పన్ను పెట్టినప్పటి నుంచి బురైదాలో వీళ్ళ బిల్డింగ్‌లో కాపురాలే మిగల్లేదు, సురయ్యా సైన్సు చెప్పే బడిలో సగం బెంచీలు ఖాళీ, వచ్చే వారం అందరూ నంద్యాలకే, పోయేముందు ఈ గ్రహణమొకటి.

కారులో కూర్చో మే అని ఇప్పటికి ఆరుసార్లు చెప్పింది, అమ్మా ఇది చందమామ గ్రహణం కాదు, నెప్ట్యూన్ అవతల తిరిగే మంచుగడ్డ ఆ చుక్కకు అడ్డమొస్తుంది, మహా అయితే పది సెకన్లు, దానికీ నా కడుపుకూ ఏం సంబంధం, పది సెకన్లయితే గ్రహణం కాకుండా పోతుందా, పిల్లకు గ్రహణమొర్రి వస్తే పది సెకన్లదని చిన్న మొర్రి వస్తుందా, జబీ పక్కకు తిరిగి నవ్వుకున్నాడు, సరే, నేను కారులోకి పోతా, నువ్వే చూడు అని సురయ్యా నిజంగానే లేచింది, చుక్క మాయమవగానే పోయింది అను, రాంగానే వచ్చింది అను, రెప్ప కొట్టొద్దు, టైముతో సహా జబీ ఫోన్లో రికార్డు చేస్తాడు, రియాద్‌లో మబ్బంట, ఈ పక్క చూసేది మనమే, ఏడో తరగతి ఫెయిలైన దాన్ని నేనేంది చూసేది అంటే, బియ్యంలో పురుగు కనిపెట్టే కండ్లు అత్తా నీవి, నాకు కళ్ళద్దాలు తీస్తే నువ్వే కనపడవు అన్నాడు జబీ, మాటలకేం తక్కువ లేదు ఈ పిల్లోనికి, కారు అద్దాలకు దుప్పటి కట్టించి గానీ మాబున్నీ కుర్చీలో కూర్చోలేదు.

గొట్టానికి కన్ను ఆనిస్తే సన్నటి చుక్క, వణుకుతోంది, కంట్లో నీళ్ళు, రెప్ప కొట్టకూడదు, రెండేళ్ళ కిందట చందమామకు గ్రహణం పట్టిన రాత్రి తను ఆళ్ళగడ్డలో పెండ్లి వంటల దగ్గర గరిటె తిప్పుతూ ఉండిపోయింది, అప్పుడూ కడుపుతో ఇక్కడే ఉన్న సురయ్యాకు ఫోన్ చేసి, కత్తి ముట్టొద్దు, కాళ్ళు చాపుకుని పడుకో అని చెప్పడం మరిచిపోయింది, గుర్తొచ్చేసరికి చందమామ తేటగా ఉంది, నాలుగో రోజు కడుపు పోయిందని ఫోన్, ఈ సంగతి మొగునికి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు, నమాజులో మాత్రం ఐదు పూటలా చెప్పుకుంది.

పోయింది, పోయింది జబీ, చుక్క ఉన్న చోట నలుపు, ఎవరో చిటికెన వేలితో తుడిచేసినట్టు, ఒకటి, రెండు, జరుగు మంచుగడ్డా, నాలుగు, రాకపోతే, ఇక రానే రాకపోతే అదీ తన తప్పే అవుతుందా, కారులోంచి టక్‌మని చప్పుడు, మళ్ళీ టక్, ఏందది, ప్లేటు మీద కత్తి, కన్ను తీయకూడదు, యా అల్లా, ఏడు, ఎనిమిది, వచ్చింది, వచ్చింది!

కుర్చీని తన్నుకుంటూ పోయి దుప్పటి పీకితే, లోపల లైటు వేసుకుని సురయ్యా ఆపిల్ కోసుకుంటోంది, ఆకలేసిందమ్మా, నీ ఆకలి పాడుగాను, అప్పుడూ ఇట్లాగే కోసి ఉంటావు, నేను ఫోన్ చెయ్యకపోబట్టే కదా ఆ బిడ్డ పోయింది, అనేసింది, రెండేళ్ళది ఒక్క ఊపిరిలో, సురయ్యా కత్తి పక్కన పెట్టింది, అమ్మా, నువ్వు చెప్పకపోయినా చిన్నప్పటి నుంచి ఇంట్లో చూసినాను కదా, నాకు నమ్మకం లేకున్నా నీ కోసం పాటించినా, కత్తి ముట్టలేదు, మూడు గంటలు కాళ్ళు చాపుకుని కదలకుండా పడుకున్నా, జబీని అడుగు, ఔనత్తా, నన్ను కూడా చాకు పట్టనీలేదు అంటున్నాడు వెనక నుంచి జబీ, అయినా పోయిందమ్మా, బిడ్డ సరిగా ఎదగలేదని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది, మాబున్నీ కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది, చలి తెలియడం లేదు, అన్నీ పాటించిందా, పాటించినా పోయిందా, అయితే తను ఫోన్ చేసి ఉన్నా ఈ పిల్ల అదే పని చేసేది, అదే జరిగేది, ఎనిమిది పాయింటు మూడు సెకన్లత్తా, ఒక్క రెప్ప కూడా కొట్టలేదు నువ్వు అని జబీ అరుస్తున్నాడు, ఎక్కడో దూరం నుంచి వినపడుతోంది, నా వల్ల కాదు, ఆ బిడ్డ పోయింది నా వల్ల కాదు.