పసుపు బెలూను

దేవేంద్రప్ప తడిగుడ్డను మరోసారి పిండి, కిటికీ పక్కనున్న కంప్యూటరు తుడిచాడు. పొడిగుడ్డతో తుడిస్తే దుమ్ము లేస్తుంది. లేచిన దుమ్ములో సగం మళ్లీ అక్కడే పడుతుంది, సగం అతని రొమ్ములోకి పోతుంది. అందుకే ఈ ల్యాబులో అటెండరుగా చేరిన నాటి నుంచి తడిగుడ్డే. తుడవడం, దగ్గడం, కాసేపు బల్లకు ఆనుకోవడం, మళ్లీ తుడవడం. సన్నటి మనిషి. భుజాలు ముందుకు వంగిపోయాయి. వేళ్ల కొసలు రాతికి అరిగి నున్నగా ఉంటాయి.

నందికొట్కూరు రోడ్డులోని ఈ ఇంజనీరింగు కాలేజీకి రాకముందు అతను బేతంచెర్లలో నాపరాళ్లకు పాలీషు పట్టేవాడు. పొద్దస్తమానం రాతిపొడి. ఇంటికొచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లబడేవి. "పెండ్లినాటికంటే ఇప్పుడే తెల్లగుండావు" అని భార్య ఉరుకుందమ్మ నవ్వేది. ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. కర్నూలు పెద్దాసుపత్రి డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "దుమ్ము లేనిచోట పని చూసుకో అప్పా" అన్నాడు.

కర్నూలు జిల్లాలో దుమ్ము లేని చోటు! వేసవి గాలికి నోట్లో పెట్టుకున్న ముద్దే కరకరలాడే సీమ ఇది. వెదగ్గా వెదగ్గా దొరికింది ఈ ల్యాబు. కిటికీలు మూసే ఉంటాయి, కంప్యూటర్ల కోసం ఏసీ నడుస్తుంటుంది, వచ్చినవాళ్లు చెప్పులు బయట విడిచి రావాలి. ఆ నియమం దేవేంద్రప్పకు గుడి నియమం కంటే ఎక్కువ. ప్రిన్సిపాలు వచ్చినా అతని చూపు ముందు కాళ్ల మీదికే పోయేది. కంప్యూటర్ల మీద ఎంత ప్రేమో అని అందరూ అనుకునేవారు. పాపం, సగం తన ఊపిరి కోసం.

కూతురు అంజలిని కూడా ఈ కాలేజీలోనే చేర్చాడు. తాను పోయేలోగా బిడ్డ ఇలాంటి గదిలో, కుర్చీలో కూర్చుని పని చేసుకోవడం చూడాలి. అంతకు మించి కోరిక లేదు. కానీ తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లకు ఇక్కడి పుస్తకాలు కొరకరాని కొయ్యలయ్యాయి. తప్పిన పరీక్షలు పేరుకుపోయాయి. ఆ ఉదయం జడ వేసుకుంటూ ఉన్నమాట చెప్పేసింది.

"నాయనా, ఈ పొద్దు పోటీలో మాకు ఒక్క బెలూనన్నా రాకపోతే నేను మానేస్తా. బస్టాండుకాడ జెరాక్సు షాపులో అడిగినా. రమ్మన్నారు."

"అట్లనొద్దు తల్లీ. ఒగటన్నా వస్తాదిలే."

ఎట్లా వస్తుందో అతనికి తెలియదు.

ఆ సాయంత్రం ల్యాబులో ప్రోగ్రామింగు పోటీ. పరీక్షలా కాకుండా నలుగురూ చేరిన వేడుకలా జరపాలని ల్యాబు చూసుకునే ప్రదీప్‌కుమార్ సారు ముచ్చట. ముగ్గురేసి పిల్లలకు ఒక కంప్యూటరు. తల్లిదండ్రులు, పట్నం పెద్దలు చుట్టూ కుర్చీలేసుకుని చూస్తారు. మధ్యలో ఉగ్గాని, బజ్జీలు, టీ. ఒక్కో లెక్కకు ఒక్కో రంగు. ఏ జట్టు రాసిన ప్రోగ్రాము సరైనదని తేలితే, వాళ్ల బల్లకు ఆ రంగు బెలూను కట్టాలి. కట్టే పని దేవేంద్రప్పది. అన్నిటికంటే సులువైన లెక్కకు పసుపు రంగు.

గాలి కొట్టడానికి సైకిలు పంపు తెప్పించి వెనక బ్యాటరీల గదిలో పెట్టారు. ఫలానా జట్టుకని కబురొచ్చాకే బెలూను నింపాలని సారు గట్టిగా చెప్పాడు. నోటితో ఏదీ ఊదవద్దని డాక్టరు అంతకు ముందెప్పుడో చెప్పాడు. దేవేంద్రప్ప ఇద్దరి మాటా పక్కన పెట్టాడు. తలుపు దగ్గరగా వేసి, ఒక పసుపు బెలూనును పళ్ల మధ్య పట్టుకున్నాడు. కొంచెం ఊదడం, దగ్గు వస్తే మూతి బిగించి పట్టుకోవడం, మళ్లీ ఊదడం. అందరికీ పంపు గాలి చాలు గానీ నా బిడ్డకు చాలదనుకున్నాడు. కళ్లు బైర్లు కమ్మాయి. ముడివేసి, దారం కట్టి, బ్యాటరీల వెనక దాచాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్న సామెత అతనికి తెలియనిది కాదు. ఆశకు సామెతలు వినపడవు.

గుమ్మం దగ్గర ప్రదీప్‌కుమార్ సారు ఆపాడు.

"దేవేంద్రప్పా, ఈ పొద్దుకు చెప్పుల మాటెత్తొద్దు. పెద్దోళ్లు వస్తాండారు."

"దుమ్మొస్తాది సార్."

"రేపు తుడుచుకుందువులేప్పా."

వచ్చారు. బూట్లతో వచ్చారు, చెప్పులతో వచ్చారు, రోడ్డు మీది ఎర్రమన్నంతా వెంటబెట్టుకుని వచ్చారు. జనం తిరుగుతుంటే తలుపు మూసే తీరిక ఎవరికీ లేదు. దేవేంద్రప్ప తడిగుడ్డ ముక్కుకు అడ్డం కట్టుకుని గోడవారన నిలబడ్డాడు.

ఎవరూ తమ జట్టులోకి పిలవని ముగ్గురు కలిసి అంజలి జట్టయ్యారు: తనూ, హరితా, హిమబిందూ. వాళ్ల బల్ల చిట్టచివర. మొదటి కబురు రాగానే దేవేంద్రప్ప పంపు కొట్టి, పసుపు బెలూను పట్టుకుని అటువైపే నడిచాడు. అంజలి తలెత్తింది. తమకేననుకుని పక్కనున్న హిమబిందు చేతిని పట్టుకుంది. బెలూను వాళ్లను దాటి పక్క బల్లకు పోయింది. తండ్రి ఆమె ముఖం చూడలేకపోయాడు.

తర్వాత ఎర్రవి, నీలివి, ఆకుపచ్చవి. చప్పట్లు కొడుతూ బజ్జీలు తింటున్నారు. గదంతా జాతరలా అయింది. ఒక్క చివరి బల్లే బోసిగా ఉంది. అంజలి పంపిన జవాబుకు తెర మీద 'తప్పు' అని వచ్చింది. సరిచేసి పంపింది. తప్పు. హరిత ఏదో చూపించింది, మళ్లీ పంపారు. తప్పు. మూలిగే నక్క మీద తాటికాయలా కరెంటు పోయి, జనరేటరు అందుకునేదాకా కిటికీలు కూడా తెరిచారు. బయటి గాలి ధూళితో సహా లోపలికొచ్చింది.

ఇంకా కొంచెం సేపుందనగా దేవేంద్రప్ప బ్యాటరీలుండే ఆ చిన్నగదిలోకి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. కబురొస్తే వెంటనే అందేటట్టు ఆ పసుపు బెలూనును ఒళ్లోకి తీసుకున్నాడు. రొమ్ములో రాతిపలక పెట్టినట్టుంది. ఒగటన్నా వస్తాదిలే, అనుకున్నాడు.

గంట మోగింది. గెలిచినవాళ్లకు దండలు వేసి ఫోటో తీశారు. "దేవేంద్రప్పా, కుర్చీలు తీయాలప్పా!" అని సారు కేకేశాడు. పలుకు లేదు.

తండ్రి తినలేదని అంజలి ఉగ్గాని ప్లేటు పట్టుకుని చిన్నగదికి వచ్చింది.

"రాలేదు నాయనా. పోదాం దా."

అతను గోడకు ఆనుకుని ఉన్నాడు. ముక్కు మీద తడిగుడ్డ అట్లాగే ఉంది. ఊపిరి తీస్తే పొంగి అణగాల్సిన ఆ గుడ్డ కదలడం లేదు. వేళ్లు మాత్రం దారం వదల్లేదు. బల్లలకు కట్టిన మిగతా బెలూన్ల మూతులు పంపుకు తొడిగినవి, నున్నగా ఉన్నాయి. దీని మూతి నిండా పంటి గాట్లు. అందులోని ఊపిరి ఎవరిదో, ఎవరికోసమో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అంజలి మళ్లీ కాలేజీకి పోలేదు. బస్టాండు పక్క జెరాక్సు షాపుకు తలుపులు లేవు. బస్సు కదిలినప్పుడల్లా ధూళి లోపలికొస్తుంది. కాగితాలు దులుపుతూ ఆమె దగ్గుతుంది.

ఇంట్లో, అతని చొక్కా తగిలించే మేకుకు, పసుపు బెలూను వేలాడుతోంది. నిమ్మకాయంతకు చిక్కి ముడతలు పడింది గానీ, దాని ముడి ఎవరూ విప్పలేదు.