నమిలిన అంచు

సూది బెజ్జమంత చోటు ఖాళీగా ఉంచుకో అమ్మాయ్, దేవుడు రావడానికి అది చాలు, అని కంబళి తాత నాతో అన్నాడని చెబితే సరిపోతుంది, బాగుంది, పొద్దున అనుకున్న దీపం మాట కన్నా ఇదే నయం, పాలాయనకు కూడా దీపం గురించే చెప్పాడట, ఇద్దరికీ అదేనంటే తాత మాటలు పోగుచేసి పుస్తకం రాస్తున్న ఆ పుస్తకాయన కళ్ళజోడు పైకి తోసుకుని నా వంక అదోలా చూస్తాడు, సూది అయితే ఎవరూ కాదనలేరు, వీధంతా నన్ను పిలిచేదే సూదమ్మ అని, చిరిగిన బట్టలకు రఫూ చేసేదానికి కంబళి తాత సూది గురించి కాక ఇంక దేని గురించి చెబుతాడు, పుస్తకాయన నాలుగింటికి వస్తానన్నాడు, ఇప్పుడు మూడు దాటింది, ఇంకోసారి అనుకోవాలి, సూది బెజ్జమంత చోటు, గడగడా అప్పజెప్పకూడదు, కాస్త ఆగి, గుర్తు తెచ్చుకుంటున్నట్టు కిటికీ వైపు చూసి అప్పుడు అనాలి, అరవై రెండేళ్ళొచ్చాయి, పరీక్షకు వెళ్ళే పిల్లలా కూర్చోలేను నిలబడలేను, ఖాళీ బల్లని ఇప్పటికి మూడుసార్లు తుడిచాను.

అబద్ధమే, కాదనను, కానీ ఊళ్ళో అందరికీ ఒక్కో మాట ఇచ్చి నన్ను ఒక్కదాన్ని ఉత్త చేతులతో వదిలేస్తే నేను మాత్రం ఏం చేయను, ఎవరిని అడిగినా నా దగ్గర ఒకటుందంటారు, డాక్టరుగారికి చెప్పాడట, నీ గొప్ప నువ్వు చెప్పుకోవడం ఒక్కరోజు మానేసి చూడు, ఎంత తీరిక దొరుకుతుందో అని, వకీలుకు చెప్పాడట, దేవుణ్ణి వెతకడానికి బయలుదేరేవాడు ముందు ఇంట్లో చెప్పి వెళ్ళాలి అని, చివరికి ఆ నోటిదురుసు కూరగాయలావిడకు కూడా, ఎవరి తలుపైనా తట్టేముందు లోపలివాళ్ళు పడుకున్నారేమో అని ఆలోచించావంటే ఆ పూట ప్రార్థన అయిపోయినట్టే అన్నాడట, ఆవిడ ఇప్పుడది బేరమాడే వాళ్ళందరికీ వినిపిస్తోంది, మరి నాకో, తొమ్మిదేళ్ళు ఈ గదికి వచ్చిపోయిన మనిషి, కిటికీ పక్కన ఆ స్టూలు మీదే కూర్చున్న మనిషి, అమ్మాయ్ చలికాలం వస్తోంది, అమ్మాయ్ ఈ పోగు కాస్త ముదురు రంగేమో, అమ్మాయ్ ఇంకో గుక్క టీ ఉందా, ఇంతే, ఇంతకు మించి ఒక్క ముక్క లేదు, టీ ఉందా అన్నాడని పుస్తకంలో రాయించుకోనా, గొప్ప ఉన్ని వ్యాపారి ఇంట్లో పుట్టి, ముప్ఫయ్యో ఏట ఒకరోజు తూకం మధ్యలో తక్కెడ వదిలేసి, ఒంటి మీదున్న ఉన్ని అంగీతో నడుచుకుంటూ ఈ ఊరు చేరి, పాత గిడ్డంగి వెనక గదుల్లో కాపురం పెట్టి, పొద్దంతా పరాయివాళ్ళ ఉన్ని దువ్వి పొట్టపోసుకుంటూ, సాయంత్రాలు వచ్చినవాళ్ళకు ఊపిరితో పాటు దేవుడి పేరు తలుచుకోవడం నేర్పిన సూఫీ, ఆయన నోటి నుంచి ఒక్క మాట వినడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు, ఆయనేమో నా దగ్గర కూర్చుని టీ చల్లారిందేమో చూడమ్మా అనేవాడు, దీనికి బుర్ర లేదనుకున్నాడేమో, సూది పట్టేదానికి పెద్ద మాటలెందుకు అనుకున్నాడేమో, తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, మండుతుందే కానీ ఆయన పోయిన ఈ రెండు నెలలూ నేను సూది ముట్టుకోలేదు, వచ్చిన బట్టలన్నీ మూటకట్టి మూల పడేశాను.

తలుపు చప్పుడు, అప్పుడే వచ్చేశాడా, కాదు, ఈవిడా, కంబళి తాత మనవరాలు, చేతిలో గుడ్డ చుట్టిన మూట, పిన్నిగారూ లోపలికి రావచ్చా అంటోంది, ఎంత మెత్తని గొంతు, ఈ గొంతు విని కరిగిపోవడానికి నేనేమన్నా కొత్తా, తొమ్మిదేళ్ళుగా తెలుసు నాకు ఈవిడ సంగతి, మొదటి చిరుగు చూసిన రోజే తెలిసిపోయింది, వాడగా వాడగా చిరిగిన చోట పోగు సన్నబడి వెంట్రుకలా తేలిపోతుంది, కత్తెర పడ్డ చోట మొద్దుగా ఆగిపోతుంది, నిన్న గాక మొన్న రఫూ నేర్చుకున్నవాళ్ళు కూడా చెప్పేస్తారు, తాతగారి అంగీకి ప్రతిసారీ కత్తెరే, అదీ తిన్నగా కాదు, బట్ట మడతపడి నలిగి, నమిలినట్టు తెగి ఉండేది, ఎంత కోపంతో కోస్తే అలా తెగుతుంది, మీ ఇంట్లో ఎలుకలున్నాయా తాతగారూ అని అడిగితే, ఒకటే ఉందమ్మా, రెండు కాళ్ళది, అని నవ్వాడు, ఆ ఇంట్లో ఉండేది ఆయనా ఈ మనవరాలూ, ఇంకెవరు, ముసలాయన్ని చూసుకోవడం భారమై అంగీ మీద కసి తీర్చుకుంటోంది, ఆయన బయటపడకుండా కడుపులో దాచుకుంటున్నాడు అని తేల్చేసుకున్నాను, అప్పటి నుంచీ వీధిలో ఎదురైతే ముఖం తిప్పుకున్నాను, కొట్టు దగ్గర పలకరిస్తే వినపడనట్టు నటించాను, ఒకసారి తన శాలువా రఫూకు తెస్తే తీరిక లేదని గుమ్మంలోంచే పంపేశాను, ఆ రోజు ఖాళీగానే కూర్చుని ఉన్నాను.

ఇవాళ మాత్రం గుమ్మంలో ఆగలేదు, వచ్చి బల్ల మీద మూట పెట్టింది, అందులో అంగీ ఉందట, రేపు ఊరి హాల్లో జనం చూసేందుకు అద్దాల పెట్టెలో పెడతారట, కుడి భుజం కింద పెద్ద చిరుగుందట, తాతయ్య పోయే ముందు వారం చెప్పాడు పిన్నిగారూ, నేను పోయాక దీన్ని సూదమ్మకే ఇవ్వు, ఇంకొకళ్ళ చేతికి వద్దు, చేయనంటే చేసేదాకా అక్కడే కూర్చో, అని, కూర్చోనా మరి అంటూ మూట విప్పబోయింది, ముడి రాలేదు, నా బల్ల మీది కత్తెర అందుకుని ఆ గుడ్డని టక్కున కోసింది, మూట తెరుచుకోగానే ఉన్నీ చలిమంట పొగా కలిసిన ఆయన వాసన గదంతా నిండింది, ఏడవకూడదు ఈవిడ ముందు, కళ్ళు దించుకుంటే ఎదురుగా కోసిన గుడ్డ అంచు, ఎంత తిన్నగా ఉంది, గీత గీసినట్టు, ఈవిడ కోస్తే ఇలాగా తెగేది, మరి ఆ నమలడం, ఉండు, ఉండు, భూతద్దం ఏదీ, అంగీ చిరుగు అంచు చూడాలి, ఇదిగో, అదే నమలడం, మొదటి చిరుగు నుంచీ ఇదే, కోపం కాదు ఇది, మా ఆయన నాకు పని నేర్పిన మొదటి వారమే చెప్పాడు, కత్తెరలన్నీ కుడిచేతికి చేసినవి, ఎడమచేత్తో పట్టుకుంటే రెండు రేకులూ దూరం జరిగి బట్ట మధ్యలో మడతపడుతుంది, కోసినట్టుండదు నమిలినట్టుంటుంది, అని, తొమ్మిదేళ్ళు నా కళ్ళ ముందే ఉంది కదా, నువ్వు ఎడమచేతి వాటమా అమ్మా అని అడిగాను, కాదు పిన్నిగారూ, మా ఇంట్లో తాతయ్య ఒక్కడే, అంది.

తాతయ్య ఒక్కడే, అవును, టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకునేవాడు, నా కళ్ళకు పొర వచ్చిన ఏడాది నా సూదులన్నింటికీ దారం ఎక్కించి పెట్టింది ఆ ఎడమచెయ్యే, చిరుగులన్నీ కుడివైపునే, ఎడమచేతికి అందే చోటే, రెండు కాళ్ళ ఎలుక నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ నవ్వుతుంటే నేను వెళ్ళి ఈ పిల్ల మీద పడ్డాను, ఎందుకు కోసుకున్నాడు, బాగున్న అంగీని ఎవరైనా ఎందుకు కోసుకుంటారు, మొదటిది ఎప్పుడు, మా ఆయన పోయిన ఆరో నెల, సూదులన్నీ తగరపు డబ్బాలో పెట్టి మూత బిగించేశాను, ఓదార్చడానికి వచ్చినవాళ్ళని తిట్టి పంపాను, దేవుడి మాటలు చెప్పబోయిన వాళ్ళ ముఖాన తలుపు వేశాను, ఈయన వచ్చాడు, దేవుడి మాట ఎత్తలేదు, చిరుగు చూపించి అమ్మాయ్ చలికాలం వస్తోంది అన్నాడు, పండు ముసలాయన వణుకుతుంటే చేయనని ఎలా అంటాను, ఆ డబ్బా మూత రాకపోతే ఇద్దరం కలిసి లాగాం, రెండోది ఎప్పుడు, చెల్లెలు నాతో మాటలు మానేసి వెళ్ళిపోయిన వారం, తర్వాతది కళ్ళ డాక్టరు ఇంక ఈ పని కట్టిపెట్టమన్నప్పుడు, అయ్యో, ఒక్కొక్కటీ, లెక్క తప్పకుండా, నేను చతికిలబడ్డ ప్రతిసారీ ఒక చిరుగు, నాకు నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది, ఈ పిల్ల భయపడుతోంది, మంచినీళ్ళు ఇవ్వనా పిన్నిగారూ అంటోంది, మీ తాతయ్య కత్తెర ఎక్కడ పెట్టుకునేవాడమ్మా అంటే, దిండు కింద, గోళ్ళకేమో అనుకున్నాను అంటోంది.

మరి ఇది, ఈ ఆఖరిది, ఇది ఆయన నా దగ్గరికి తేలేదు, కోసి ఉంచి వెళ్ళిపోయాడు, ఇంతవరకూ కోసినవన్నీ వేలెడంతే, ఇది జానెడుంది, ఇంత పెద్దది ఎప్పుడూ కోయలేదు, పడుగూ పేకా పోగు పోగూ ఎక్కించుకుంటూ పోవాలి, పది రోజులు పడుతుంది, పది రోజులా, ఎందుకంత, నాకేమైందని, చెల్లెలు మళ్ళీ మాట్లాడుతోంది, కళ్ళు బాగున్నాయి, నాకొచ్చిన కష్టమేంటి, అని చూస్తే మూలన బట్టల మూట, రెండు నెలలుగా విప్పని మూట, ఆయనకు తెలుసు, తను పోతే నేనేమవుతానో ఆయనకు ముందే తెలుసు, అందుకే ఇంత కోశాడు, తన కోసం వచ్చే దుఃఖానికి తనే కొలిచి మరీ కోశాడు, ఆ వణికే చేత్తో, అమ్మా, రేపటికి కాదు, అద్దాల పెట్టె వాళ్ళని పది రోజులు ఆగమను, ఆ డబ్బా ఇటివ్వు, సూదికి దారం ఎక్కించు, నా చేతులు ఆడటం లేదు, అన్నాను, ఇంకొకటి, ఆ శాలువా ఇంకా ఉందా నీ దగ్గర, నేను తీరిక లేదన్న శాలువా, ఉంది పిన్నిగారూ అంది, రేపు తీసుకురా, ఆ రోజు నాకు తీరిక ఉండింది, నీ మీద లేనిపోనిది ఊహించుకుని వెళ్ళగొట్టాను, తొమ్మిదేళ్ళు తప్పుగా అనుకున్నాను నిన్ను, అన్నాను, ఆ పిల్ల ఎక్కించిన సూది నా వేళ్ళ మధ్య పెట్టి కాసేపు నా చెయ్యి వదల్లేదు.

నాలుగయింది, పుస్తకాయన రానే వచ్చాడు, రికార్డరు బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని తాత కూర్చున్న చోటే కూర్చున్నాడు, మహాత్ములు మీ దగ్గరికి తొమ్మిదేళ్ళు వచ్చారట కదమ్మా, మీకు ఏం బోధించారు అని అడిగాడు, సూది బెజ్జమంత చోటు, నాలుక చివరే ఉంది, ఎంత చచ్చు మాట, ఎలా అనుకున్నానో, రాసుకోండి, ఆయన నాకు ఏమీ చెప్పలేదు, అన్నాను, అదేమిటమ్మా, ఒక్క మాట కూడా లేదా అన్నాడు పాపం, ఒక్కటి కూడా లేదు బాబూ, ఎంత జాగ్రత్తపడ్డాడో అన్నాను, అంటుంటే ముఖం మీద నవ్వు ఆగడం లేదు, ఒకసారి నేనే ఆయనకు పాఠం చెప్పాను, రఫూ అంటే కుట్టు కాదు తాతగారూ, కుట్టు కనిపిస్తుంది, రఫూ కనిపించకూడదు, ఎక్కడ చిరిగిందో సొంతదారుకే తెలియకూడదు అని, కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వి ఇంకోసారి చెప్పమ్మాయ్ అన్నాడు, నేను పొంగిపోయి మళ్ళీ చెప్పాను, రఫూ చేయించుకోవడానికి వస్తున్నాడనుకున్నాను, నాకే చేసి వెళ్ళేవాడు, నలభై ఏళ్ళ పనితనం నాది, అంత మంచి రఫూ నేనింతవరకూ చేయలేదు.