బోర్లా పెట్టిన ఎనిమిదో కార్డు

తడిపిన అద్దుడు కాగితం తొలగించి, చెల్లెలు చాకు మొనను రెండు అట్టల మధ్యకు పోనిచ్చింది. నలభై ఏళ్లు పుస్తకాలు కుట్టి బైండు చేసిన చేయి అది. మైదా జిగురు ఎక్కడ లొంగుతుందో, ఎక్కడ మొరాయిస్తుందో ఆ వేళ్లకు తెలుసు.

ఆమె అన్నగారు ఒకప్పుడు సినిమాహాలు మేనేజరు. ఆదివారం ఉదయాల్లో పాత మూగ హాస్యచిత్రాలు ఆడించేవాడు. ఒక్కో చిత్రానికి ఎనిమిదేసి చొప్పున వచ్చే రంగుబొమ్మల అట్టలను, లాబీ కార్డులను, గేటు పక్క అద్దాల పెట్టెలో అమర్పించేవాడు. హాలు మూతపడ్డాక వాటిని సేకరించడమే ఆయనకు లోకమైంది. ఆ హాలిప్పుడు గ్రంథాలయం. దాని పాత లాబీలోనే మర్నాడు ఆయన కార్డుల ప్రదర్శన. అన్నిటిలోకీ ఆయనకు ఇష్టమైన చిత్రం తాలూకు మొదటి కార్డు ఉబ్బిపోతే, బాగుచేయమని చెల్లెలికి ఇచ్చాడు.

పై కార్డు ఊడి వచ్చింది. కింద ఉన్నది ఉత్త అట్ట కాదు. అడుగు అట్టకు అంచుల్లోనే అంటుకుని ఉన్న దాన్ని ఊడదీసి తిప్పి చూస్తే, నిచ్చెన భుజాన వేసుకుని వెనుదిరిగిన బక్క మనిషి. నిచ్చెన ముందు కొన తగిలి పోలీసు టోపీ ఎగిరిపోతోంది, వెనక కొనకు ఒక దొరసాని గొడుగు తగులుకుంది. ఇరవై ఆరేళ్ల కిందట పోయిందన్న ఎనిమిదో కార్డు!



హాలుకు పోస్టర్లు అంటించే మనిషిని అందరూ నిచ్చెన అనే పిలిచేవారు. ఈ బొమ్మ ముందు నిలబడి, "నా ఫోటో ఎప్పుడు తీశారండీ వీళ్లు?" అని అడిగి నవ్వించేవాడు. ఆ హాస్యమే అతని కొంప ముంచింది. కార్డు కనబడకపోయేసరికి, టిక్కెట్ల వరసలో నిలబడ్డ జనం ఎదుట అన్నగారు అతని సంచీ దులిపించాడు. ఏమీ దొరకలేదు. "ఈపాటికి అమ్ముకుని ఉంటాడు, దొంగ వెధవ" అన్నాడు. ఆ తర్వాత ఏ హాలువాళ్లూ అతన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. చివరికి బైండింగు పనైనా ఇప్పించమని ఈమె దగ్గరికి వస్తే, ఖాళీ లేదంది.

కార్డు వెనుక వైపున నీలం పెన్సిలుతో తేదీ, అన్నగారి సంతకం. అతికించే ముందు లోపలి వైపున తేదీ వేసి సంతకం చేయాలన్నది బైండింగు పద్ధతి. అన్నగారికి దాన్ని నేర్పింది ఆమే. ఆ తేదీ, లాబీలో నిచ్చెన సంచీ దులిపించిన రోజుకు ముందు రోజుది.

సాయంత్రం అన్నగారు వచ్చాడు.

"ఎనిమిదోదే! ఎక్కడ దొరికిందే?"

"నీ జిగురు కింద."

పెన్సిలు రాత చూసి ఆయన కార్డును బల్ల మీద పెట్టేశాడు. "హడావిడిలో... వెనక తెల్లగా ఉంటే ఉత్త అట్ట అనుకున్నానేమో."

"ఆ మాటే రేపు లాబీలో చెప్పు."

"నీకేమన్నా పిచ్చా? రబ్బరు పెట్టి రెండు రుద్దులు రుద్దెయ్. పాత సామాన్లవాడి దగ్గర దొరికిందందాం. వాడికీ ఏదో ఒకటి చేద్దాంలే, నేను కాదన్నానా?"

"పేరు పోయినవాడికి ఏదో ఒకటి ఏం చేస్తావన్నయ్యా?"

"ఆహా! ఆ రోజు నువ్వు నోరు విప్పావా మరి?"

"విప్పలేదు. అది నా తప్పు. రబ్బరు మాత్రం పట్టను."

మర్నాడు పొద్దున్నే ఆమె గొడుగులు బాగుచేసే సందుకు వెళ్లింది. అక్కడ గొడుగు కుడుతూ కూర్చున్న నిచ్చెన తల నెరిసిపోయింది.

"బైండింగు అక్కగారా! గొడుగు విరిగిందా, దారి తప్పారా?"

ఆమె కార్డు చూపించి, జరిగినదంతా చెప్పింది. అతను వెనుక వైపు సంతకాన్ని చాలాసేపు చూశాడు. బొమ్మ వైపు తిప్పనేలేదు.

"నాకెందుకండీ ఇది? నేను తీయలేదని నాకు తెలుసుగా. తెలియనివాళ్లకు చూపించండి."

"ఆ రోజు నా దగ్గర పని ఉండి కూడా లేదన్నాను."

"తెలుసండీ. అప్పుడు మీ గుమ్మంలో కుట్టని పుస్తకాలు నడుమెత్తు ఉన్నాయి" అని, అతను సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

ప్రదర్శనలో ఆ చిత్రం కార్డులు ఏడు ముఖాలు చూపుతున్నాయి. ఎనిమిదో దాన్ని ఆమె వెనుక వైపు కనబడేలా అద్దంలో బిగించింది. అన్నగారు దాన్ని తీసేయబోయి, పక్కనే నిలబడ్డ చెల్లెల్ని చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది బోర్లా పెట్టారేంటండీ?" అని ఒకావిడ అడిగింది.

అన్నగారు కళ్లజోడు సవరించుకున్నాడు. తేదీ మాత్రం గొణిగినట్టు చదివాడు.

"కింద సంతకం కూడా చదవండి సార్!"

గుమ్మం దగ్గర నుంచి వచ్చిన ఆ గొంతుకు జనం తిరిగి చూశారు. ఉతికిన చొక్కా తొడుక్కుని నిచ్చెన నిలబడి ఉన్నాడు.

"సంతకం... నాదే" అన్నాడు అన్నగారు. చెల్లెలు ఆయన ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు. "ఇతను తీయలేదు. నేనే అతికించి, ఇతన్ని దొంగన్నాను."

విన్నవాళ్లు పాతికమంది ఉంటారు. ఆనాడు టిక్కెట్ల వరసలో నిలబడ్డవాళ్లు వారిలో ఒక్కరూ లేరు.

"ఇప్పుడు తిప్పండక్కగారూ" అన్నాడు నిచ్చెన.

ఆమె అద్దం విప్పి కార్డు తిప్పింది. ఎగిరిపోతున్న టోపీని చూసి అడిగినావిడ పకపకా నవ్వింది, వెనకాల మరో నలుగురు. అతను దగ్గరగా వచ్చి బొమ్మలోని మనిషిని పరకాయించి చూశాడు.

"అప్పట్లో నా భుజం కూడా ఇంత పైకి ఉండేదండీ" అన్నాడు.