నేస్తం పెట్టిన ఫిర్యాదు

మా కాలనీ పార్కు గేటు పక్కన ఒక బోర్డు ఉంది. "పెంపుడు జంతువులు చేసిన నష్టానికి వాటి యజమానులదే బాధ్యత" అని పచ్చరంగుతో రాసి ఉంటుంది. నేను బడిలో చదువుకున్నదాన్ని కాదు. పకోడీ పొట్లాల కాగితాలు విప్పి, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని. అలా నేర్చుకున్నవాళ్లకి కంటపడ్డ రాతనల్లా చదివే జబ్బు ఉంటుంది. ఆ బోర్డునీ రోజూ చదివేదాన్ని. పాపం ఈ యజమానులెవరో, ఎంత బరువు మోస్తున్నారో అని జాలిపడి, బూరుగుని లోపలికి వదిలేదాన్ని.

బూరుగు అంటే కుక్క. దాని అసలు పేరు బ్రూనో. మా మేడమీద గదిలో అద్దెకున్న రైల్వే మొగుడూపెళ్లాలు పెట్టిన పేరు అది. ఒంటి మీద బూరుగుదూది అతికించినట్టు ఉంటుంది కాబట్టి నాకు నోరు తిరిగే పేరు నేను పెట్టుకున్నాను. వాళ్లకి కొత్తవలస బదిలీ అయినప్పుడు, "క్వార్టర్ దొరికేదాకా ఉంచండి అమ్మమ్మా" అని దాని గిన్నె, దుప్పటి నా చేతిలో పెట్టి వెళ్లారు. విజయనగరం నుంచి కొత్తవలస ఎంత దూరమని? రైల్లో కూర్చుని పేపరు తిరగేసేలోపు వచ్చేస్తుంది. అయినా వాళ్లకి క్వార్టర్ దొరకలేదు. ఇక్కడ రెండో ఎండాకాలం వచ్చేసింది.

అందుకని ఎవరడిగినా నాది ఒకటే జవాబు. కుక్క నాది కాదు, మేడమీదవాళ్లది. బూరుగు మంచిపని చేస్తే మాత్రం "మావాడు" అనేదాన్ని. చెడ్డపని చేస్తే "అది" అనేదాన్ని. ఇందులో మోసం ఏమీ లేదు. నాది అనుకున్నవేవీ నా దగ్గర నిలవలేదు. మనుషుల్లో సంచీ సర్దుకుని వెళ్లినవాళ్లు కొందరు, సర్దుకోకుండానే వెళ్లినవాళ్లు కొందరు. నాది కాదు అనుకుంటే, పోయినరోజున అంత నొప్పి ఉండదని నా లెక్క.

ఇక నా నేస్తం సంగతి చెప్పాలి. మా వైపు నేస్తం అంటే ఊరికే స్నేహం కాదు. నేస్తం కట్టాలి. నేను కట్టింది రామతీర్థంలో, భీష్మ ఏకాదశి కల్యాణం నాడు. మా ఊరు దాని పక్కనే. తను కోటబొమ్మాళి పిల్ల, పిన్నిగారింటికి తీర్థానికి వచ్చింది. గాజుల కొట్టు దగ్గర ఇద్దరం ఒకే జత గాజులకి చెయ్యి చాపాం. కొట్లాడుకోబోయి నవ్వుకున్నాం. మా అమ్మలు చూసి ముచ్చటపడి, దేవుడి ఎదుట చెరో గాజూ మార్పించి, ఒకరి చేత ఒకరికి బెల్లం తినిపించారు. "ఇకమీదట మీకు పేర్లు లేవు. నేస్తం అంటే నేస్తమే. పేరెట్టి పిలిస్తే నేస్తరికం తెగిపోతాది" అని మా అమ్మ గట్టిగా చెప్పింది.

అప్పటినుంచి తన పేరు నేను పలకలేదు, నా పేరు తను పలకలేదు. తన పేరు ఇక్కడ కూడా రాయను. రాసినా పలికినట్టే.

కోటబొమ్మాళిలో జరిగిన ఒక సంగతి తనే నాకు చెప్పింది. అక్కడ ఇద్దరు నేస్తాలు ఉండేవారట. ఒకావిడ మేక రెండో ఆవిడ చిక్కుడు పాదు మేసేసింది. సంతలో అందరిముందూ పాదు ఆవిడ కోపం పట్టలేక మేక ఆవిడని పేరు పెట్టి పిలిచేసింది. అంతే. ఒకే వీధిలో ఉండి, చచ్చేదాకా మాట్లాడుకోలేదట. మేక మాత్రం ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగిందట. ఈ కథ విన్నప్పుడు నవ్వాను. ఇంటికి వచ్చి నిద్రపోలేదు.

ఇద్దరం పెళ్లిళ్లయి ఈ ఊరే వచ్చాం, చివరికి ఈ కాలనీలోనే స్థిరపడ్డాం. పొద్దున్నే పార్కులో పక్కపక్కన నడుస్తాం. నడకదారి పొడవునా ఒకప్పుడు వయ్యారిభామ కలుపు ఉండేది. అదంతా పీకించి, కోటబొమ్మాళి నుంచి కనకాంబరం నారు రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, నాటి, పెంచింది నా నేస్తమే. సాయంత్రం తను నీళ్లు పెడుతుంది. తడిసిన మట్టి చల్లగా ఉంటుంది. బూరుగు ఒంటినిండా దూది. ఎండాకాలం. మిగతాది మీకే తెలుస్తుంది.

మొదటిసారి ఒక మూల తవ్వింది. తను ఏమీ అనకుండా మళ్లీ నాటుకుంది. రెండోసారి నీళ్ల పైపు కొరికింది. "ఎలక కావచ్చులే నేస్తం" అన్నాను. అంత పెద్ద పళ్లున్న ఎలక ఏ ఊరిదో తను అడగలేదు. మూడోసారి మేమిద్దరం కలిసి గేటు తీసేసరికి, కనకాంబరాలన్నీ పక్కకి తోసి, నడిమధ్య గొయ్యి చేసుకుని, దూదికి పూలు అంటించుకుని, పెళ్లికొడుకులా పడుకుని ఉంది.

"ఓలమ్మా! సూడు నేస్తం, నీ కుక్క ఏటి సేసీసినాదో!"

"నా కుక్కేటి? మేడమీదోళ్లది కదా."

"ఆళ్లు ఎలిపోయి ఏడాది దాటినాది. దానికి అన్నం ఎవులు ఎడతన్నారు?"

"అన్నం ఎడితే నాదైపోతాదేటి? కాకులకీ ఎడతన్నాను."

"కాకులు నీ మంచం కింద తొంగుంటాయేటి?"

బూరుగు రోజూ పడుకునేది అక్కడే మరి. "మూగజీవి. ఎండకి తాళలేక సల్లటి మట్టి సూసుకున్నాది" అన్నాను.

"అది మూగజీవి, సరే. నీకు నోరున్నాది కదా. నా కుక్కే, తప్పయిపోనాది అని ఒక్కమాట అను. ఇక్కడితో ఒగ్గీస్తాను."

అనలేకపోయాను. నాలిక చివరిదాకా వచ్చింది, మళ్లీ లోపలికి పోయింది. తను నా మొహంలోకి చూసి, "అయితే కాలనీ కమిటీలో తేల్సుకుందాం" అని విసురుగా వెళ్లిపోయింది.

మర్నాటినుంచి నాతో నడవడం మానేసింది. కోపంతో దారికి ఎదురు దిక్కున తిరగడం మొదలుపెట్టింది. అంతకుముందు పక్కపక్కన నడిచేటప్పుడు ఒకరి మొహం ఒకరం చూసుకునే పనే ఉండేది కాదు. ఇప్పుడు చుట్టుకి రెండుసార్లు ఎదురుపడుతున్నాం. ఎదురుపడ్డ ప్రతిసారీ తను ఆకాశం చూసేది, నేను చెప్పులు చూసుకునేదాన్ని. బూరుగు మాత్రం తోక ఊపుకుంటూ తన వెనక కొంతదూరం పోయి, మళ్లీ నా దగ్గరికి వచ్చేది. నాకు కోటబొమ్మాళి మేక గుర్తొచ్చింది.

ఆదివారం పార్కు షెడ్డు కింద కమిటీ కూర్చుంది. కార్యదర్శి నరసింగరావు గారు కాకినాడ మనిషి. కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరై, ఈమధ్యనే కూతురింటికి వచ్చారు. పార్కులో ఎండుటాకులు ఊడ్పించాలన్నా వాయిదా వేస్తారు. ఆయన నా నేస్తాన్ని పేరు పెట్టి పిలిచారు. ఆయన పిలవచ్చు. తను లేచి, మొక్కలు ఎలా పోయాయో, పైపు ఎలా పోయిందో చక్కగా చెప్పింది.

"బావుందండీ. ఆ కుక్క యజమాని ఎవరు?"

"అదే బాబూ, మా వీధి చివర నీలం గేటు ఇల్లు."

"ఇంటికి కుక్క ఉండదండీ, మనిషికి ఉంటుంది. మనిషి పేరు చెప్పండి."

"ఆ ఇంట్లో ఉన్నావిడే."

"ఆవిడ పేరు?"

"సెప్పకూడదు."

నరసింగరావు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఎందుకండీ? ఎవరైనా బెదిరించారా?"

షెడ్డు అంతా ఒక్కసారిగా నవ్వింది. అందరి కళ్లూ నామీదే. నేను గోడమీద కరెంటు మీటరుకి అంటించిన చీటీ చదువుతూ కూర్చున్నాను. బూరుగు నా కుర్చీ కింద పడుకుని ఉంది. దాని తోక బయటికి కనిపిస్తోంది.

పక్కవీధి యమున అంగన్వాడీ టీచరు. ఇక్కడి పిల్లే. "సార్, ఆళ్లిద్దరూ నేస్తాలు. పేరు పలక్కూడదు. నాను సెప్తానుండండి" అంది.

"మీరు సాక్షి. ఫిర్యాది నోటితోనే రావాలి" అన్నారాయన. "అయినా నాకు తెలీక అడుగుతాను, స్నేహితులైతే పేరు పలక్కపోవడం ఏమిటండీ? మావైపు స్నేహితుల్ని పేరుతోనే పిలుస్తాం. తిట్టేటప్పుడు కూడా!"

"మీవైపు స్నేహితులుంటారు సార్. మావైపు నేస్తాలుంటారు" అంది యమున.

ఆయనకి అది నచ్చలేదు. "ఎదుటి పార్టీ పేరు లేకపోతే ఫిర్యాదు నిలవదు. కొట్టేస్తున్నాం. అసలు కుక్క తవ్విందో, ఈవిడే నీళ్లెక్కువ పోసి మొక్కలు కుళ్లబెట్టారో ఎవరు చూశారు?"

ఆ మాటతో నాకు గండం గడిచిపోయినట్టే. ఫిర్యాదు పోయింది, కుక్క బతికింది, నేను ఎవరికీ ఏమీ కానక్కర్లేదు. లేచి వెళ్లిపోవచ్చు. కానీ నా నేస్తం మొహం ఎర్రబడింది. ఒళ్లో పెట్టుకుని తెచ్చిన నారు అది. చీరకొంగు బిగించి నడుముకి దోపుకుంది. తను అలా దోపిందంటే ఇక ఆగదు, నాకు తెలుసు.

"నాను అబద్ధాలాడతన్నానా బాబూ? పేరే కదా కావాల? అయితే సెప్తాను, ఇనండి."

నోరు తెరిచింది.

నేను ఎలా లేచానో నాకే తెలియదు. కుర్చీ వెనక్కి పడింది. బూరుగు మొరిగింది.

"నారాయణమ్మ! రాసుకోండి బాబూ, నా పేరు నారాయణమ్మ! కుక్క నాది. అన్నం నానే ఎడతన్నాను. నా మంచం కిందే తొంగుంటాది. మొక్కలు తవ్వినాది, పైపు కొరికినాది, ఎలకా లేదు, గిలకా లేదు. అన్నీ నా కుక్కే సేసినాది!"

 నా నేస్తం తెరిచిన నోరు అలాగే ఉంది. కాసేపటికి మూసుకుంది. అప్పుడు నేను కుర్చీ ఎత్తి నిలబెట్టుకున్నాను.

"మిమ్మల్ని నేనింకా పిలవలేదండీ" అన్నారు నరసింగరావు గారు.

"మీరు పిలిసీదాకా ఆగితే నా కొంప మునిగిపోయీది బాబూ."

యమున వెనకనుంచి అందుకుంది. "పనిలో పని, మీ కొత్త బూట్ల సంగతి కూడా అడిగీండి సార్. మొన్న నడకదారిలో కుక్కపెంట తొక్కీసినారు కదా."

ఆయన మొహం ముడుచుకుంది. "అదీ మీ కుక్కేనా?"

"అది మాత్రం నాకు తెల్దు బాబూ. పార్కుకి శానా కుక్కలొస్తాయి..."

"నేస్తం" అంది తను. అన్ని రోజుల తర్వాత ఆ మాట విన్నాను. "మొత్తం సెప్పీ."

"అదీ నాదే" అన్నాను.

నరసింగరావు గారు తన వైపు తిరిగి, "మీరు చెప్పిన యజమాని ఈవిడేనా?" అని అడిగారు.

"ఈవిడే. నా నేస్తం."

"మరి అంత నేస్తమైతే ఫిర్యాదు ఎందుకు పెట్టారండీ?"

"నేస్తం గనకే పెట్టినాను. మరొకరి కుక్కయితే రాయెట్టి కొట్టీదాన్ని."

 కోర్టులో ఆయన అలాంటి మాట విని ఉండరు. చివరికి తీర్పు చెప్పారు. మొక్కలు నేను మళ్లీ నాటించాలి. పైపు మార్పించాలి. పార్కులో కుక్క తాడుతోనే తిరగాలి. అది చేసినదాన్ని నేనే ఎత్తాలి. ఎత్తడానికి చిన్న పార, పాత క్యారీబ్యాగులు వెంట తెచ్చుకోవాలి. పార సంగతి చెప్పేటప్పుడు ఆయన తన బూట్ల వైపు చూసుకున్నారు.

ఆ సాయంత్రం కొత్తవలసకి ఫోన్ చేశాను.  "అమ్మా, కుక్క నాదని కమిటీలో అందరిముందూ సెప్పీసినాను. ఇంక క్వార్టర్ దొరికినా అడక్కండి" అన్నాను.

అవతల ఆ రైల్వే పిల్ల గొంతు తగ్గించింది. 

"క్వార్టర్ పోయినేడే దొరికింది అమ్మమ్మా" అంది. "మూడో అంతస్తు, కుక్కకి చోటు లేదు. మీరెక్కడ తెచ్చి వదిలేస్తారోనని మేమే భయపడుతున్నాం."

అన్నాళ్లూ ఇద్దరం ఒకరికొకరం భయపడుతూ కూర్చున్నాం అన్నమాట. మధ్యలో బూరుగు హాయిగా కనకాంబరాల్లో పడుకుంది.

మర్నాడు పొద్దున్న నా నేస్తం గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో దూడని కట్టే పలుపుతాడు. "నీకు తాడెక్కడ దొరుకుతాదిలే అని తెచ్చినాను" అంది. ఇద్దరం బూరుగు మెడకి ముడివేశాం. నారు కోటబొమ్మాళి నుంచి మళ్లీ వచ్చింది. ఈసారి నా ఒళ్లో. గోతులు నేను తవ్వాను. నడుము నొప్పెట్టి ఆగినప్పుడు, "నీ కుక్కనడుగు, ఇలాటివి బాగా సేస్తాది" అంది తను.

ఇప్పుడు ఇద్దరం ఒకే దిక్కున నడుస్తున్నాం. బూరుగు మధ్యలో. అది ఇంకా మారలేదు. తడిమట్టి వాసన వస్తే చాలు, పలుపుతాడుతో సహా నన్ను లాక్కుపోతుంది. అప్పుడు నా నేస్తం నడక ఆపి, నడుము మీద చెయ్యి వేసుకుని, పార్కంతా వినపడేలా అడుగుతుంది.

"ఎవుల కుక్కే ఇది?"

చుట్టూ నడిచేవాళ్లంతా నా జవాబు కోసం ఆగుతారు. నరసింగరావు గారైతే కావాలనే ఆగుతారు. చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ లోపల కాస్త భయం వేస్తుంది. అయినా పార ఒక చేత్తో, తాడు ఒక చేత్తో పట్టుకుని చెబుతాను.

"నాదే నేస్తం. లాగీసుకుని పోతన్నాది, ఓ సెయ్యెయ్యి."